పదమూడో అచ్చు

మా కోడలు కాపురానికి వచ్చి నెల తిరగలేదు, నా ఇత్తడి గంటె మాయమైంది. అది మా అమ్మ నాకు ఇచ్చిన గంటె. ఇంటెడు మందికి చారు పోసినా చెయ్యి నొప్పి పుట్టని గంటె. అటక మీద వెతికాను, బోళ్ల గంపలో వెతికాను, పక్కింటామెను అనుమానించి రెండు మాటలు అన్నాను కూడా. చివరికి దొడ్డి వైపు గొర్రెల కొట్టంలో ఏదో చప్పుడు వినిపిస్తే వెళ్లి చూశాను. కోడలు మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద పరిచిన కాగితాన్ని నా గంటె వీపుతో గుండ్రంగా రుద్దుతోంది. మోచేతుల దాకా నలుపు.

“ఏందే పిల్లా! అన్నం దినే గంటెతోని మసి రుద్దుతున్నవా?”

“మసి గాదత్తమ్మా, సిరా. అది కాయితం కింద ఉన్నది. గంటెకు చుక్క గూడ అంటలే, చూడుండ్రి.”

“చూసేదేంది? రేపు గా గంటెతోనే చారు పోస్తే నీ మొగడు నల్లగ కక్కుతడు.”

ఆమె నవ్వి, కాగితాన్ని ఒక మూల పట్టుకుని మెల్లగా లేపింది. మానిన పుండు మీది పట్టీ ఊడినట్టు సన్నని చప్పుడు వచ్చింది. తిప్పి చూపించింది. అందులో మా మేక ఉంది. ఏదో ఒక మేక కాదు, కొమ్ము సగం విరిగిన మా మేకే. కాళ్లు ఎడంగా పెట్టుకుని, దొంగతనంగా ఆకు తిని దొరికిపోయినట్టు నన్నే చూస్తోంది. నేను గంటె సంగతి మరిచిపోయి, మేక కట్టుగొయ్య దగ్గర ఉందో లేదో చూడటానికి బయటికి వెళ్లాను. ఉంది. నెమరు వేస్తోంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో జరిగిన పెళ్లి అది. నా కొడుకు బస్సు కండక్టరు. పిల్ల కల్వకుర్తిలో లారీల మీద అక్షరాలు రాసే మనిషి కూతురు. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చెక్క మీద చెక్కి అచ్చులు తీయడం నేర్చుకుని, ఆడపిల్లల గురుకులంలో డ్రాయింగు టీచరుగా చేరింది. సీటుకు పట్టనంత చెక్కను నిలబెట్టుకుని బస్సెక్కితే నా కొడుకు లగేజీ టికెట్టు కొట్టాడట. ఆమె ఆ టికెట్టు వెనకే వాడి ముక్కు గీసి చేతిలో పెట్టిందట. వాడు ఆ టికెట్టును నాకు చూపించి, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానన్నాడు. ముక్కు మాత్రం వాడిదే, మా బాపు ముక్కు. సరేనన్నాను.

నేను మూడో తరగతి దాకా చదివాను. మా ఊరి పంతులు బదిలీ మీద వెళ్లిపోయాడు, నా చదువు ఆయన వెంటే పోయింది. అంకెలు తెలుసు, కూడబలుక్కుని చదవగలను, అక్షరం పక్కన అక్షరం పెట్టి రాయగలను. ఇప్పుడు రాస్తున్న కాగితాలు కూడా కొత్తవి కావు, కోడలి అచ్చుల్లో చెడిపోయినవి. ఒక వైపు బొమ్మ చెడితే రెండో వైపు ఏం పాపం చేసింది?

ఈ కాగితాల మీదే మా ఇద్దరికీ మొదటి గొడవ. ఒక మంచి అచ్చు రావడానికి ఆమె నాలుగైదు కాగితాలు పాడు చేసేది. సిరా ఎక్కువైందని ఒకటి, తక్కువైందని ఒకటి, కాగితం జరిగిందని ఒకటి. నేను వాటిని ఏరి, ఎండబెట్టి, పచ్చడి జాడీల మూతుల మీద కట్టేదాన్ని. ఒకరోజు ఆమె వంటింట్లోకి వచ్చి జాడీలన్నీ చూసి నిలబడిపోయింది.

“అత్తమ్మా, గివి చింపేసెటియి. ఎవ్వలు చూడొద్దు.”

“ఎవ్వలు చూస్తరు? లోపల మామిడికాయ చూస్తది.”

నెమ్మదిగా నన్ను కూడా పనిలోకి దించింది. ఆమె చేతులు సన్నం, నావి జొన్నరొట్టె కొట్టిన చేతులు. గంటెతో ఒకే బరువు పెట్టి రుద్దడం నాకు రెండు రోజుల్లో పట్టుబడింది. ఆదివారాలు ఆమె రోలరుతో చెక్కకు సిరా పూసేది, నేను రుద్దేదాన్ని. ఉలి దిగిన చోట సిరా అంటదు, కాగితం తెల్లగా మిగిలేది. మంచివని ఏరిన వాటి కింద ఆమె పెన్సిలుతో ఒక అంకె వేసి, గీత గీసి, పక్కన పన్నెండు అని వేసేది. 1/12, 2/12, అట్లా. పక్కనే సంతకం.

మేక బొమ్మవి పన్నెండు పూర్తయిన రోజు ఆమె చెక్కను కడిగి, తుడిచి, ఉలి తీసుకుంది. కొమ్ము దగ్గర పెట్టి తోక దాకా ఒక్క గీత లాగింది. చెక్క పేడు లేచి నా పాదం మీద పడింది.

“ఓ పిల్లా, పిచ్చి లేసిందా? ఇన్ని దినాలు కండ్లు గుచ్చుకోని చెక్కితివి!”

“పన్నెండే తీస్తనని మాటిచ్చిన అత్తమ్మా. చెక్క మంచిగుంటె పదమూడోది తియ్యబుద్ధయితది. నాకు గాకపోతె నా ఎనుక ఇంకెవలకన్న. గందుకే కొట్టేస్తం.”

“ఇంక వంద తీసినా అరగని చెక్క.”

“అందుకే.”

ఆ మాట నాకు అర్థం కాలేదు. బతికున్న మేకను కోసినట్టుందని రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. గీత పడిన చెక్కను మాత్రం నీళ్ల కుండ కింద పెట్టుకున్నాను.

ఇక మా ఆయన సంగతి చెప్పాలి. మాది మర్రిగూడ వైపు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు, అవి తాగిన వాళ్లను పళ్లు చూసి గుర్తుపట్టేవాళ్లు. మా ఆయనకు పళ్లతో ఆగలేదు. నలభై దాటేసరికి నడుము వంగింది, మెడ బిగిసింది, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. మందను అమ్మేశాము. పైపుల్లో మంచినీళ్లు ఊళ్లోకి వచ్చాయి కానీ, ఆయన ఎముకలు అప్పటికే రాయి అయిపోయాయి. నల్లా విప్పి చెయ్యి తడుపుకుని, “జర ముందు రాకపోయినవా,” అని దాన్నే అడిగేవాడు.

వంగిన తర్వాత ఆయన తన కోసమని ఫోటో దిగలేదు. మా ఇంట్లో ఆధార్ కార్డు మీద ఉన్నదొక్కటే, అందులో దొంగతనం ఒప్పుకున్న వాడిలా ఉంటాడు.

ఒకరోజు చేను నుంచి గడ్డిమోపు ఎత్తుకుని వచ్చాను. వాకిట్లో మా ఆయన చొక్కా విప్పేసి, కొట్టం వైపు మొహం పెట్టి, నులకమంచం మీద కూర్చున్నాడు. వెనక కోడలు చిన్న పీట వేసుకుని ఆయన వీపును చూస్తూ గీస్తోంది. మామ ముందు కోడలు కూర్చోవడమే మా ఇళ్లల్లో లేదు. మా అత్త బతికుండగా నేను మా మామ ఎదుటికి చెప్పులతో కూడా పోలేదు. నెత్తి మీది మోపు దించాలన్న సోయి కూడా లేకుండా అట్లాగే నిలబడ్డాను.

“సిగ్గు శరం ఉన్నదా ఇద్దరికి? లోకం ఏమంటది?”

కోడలు లేవబోయింది. మా ఆయన తిరగలేడు కదా, గోడ వైపే చూస్తూ అన్నాడు.

“కూసో బిడ్డా. ఏమే, జర నోరు తగ్గియ్యి. ఇన్నేండ్ల సంది పేపరోళ్లు వచ్చిండ్రు, సార్లు వచ్చిండ్రు, నన్ను నిలవెట్టి నిలవెట్టి నడుము ఫోటోలు దీసిండ్రు. ఒక్కడన్న కూసో అన్నడా? ఈ పిల్ల కూసోమన్నది.”

నేను మోపు దించి లోపలికి వెళ్లిపోయాను. వారం రోజులు ఆయన అట్లాగే కూర్చున్నాడు, ఆమె గీసింది. చెక్కడానికి మంచి చెక్క కావాలంటే ఆయనే చెప్పాడు, దొడ్డి తలుపు విప్పుకోమని. మంద లేని దొడ్డికి తలుపెందుకన్నాడు. అది వేప తలుపు. ముప్పై ఏళ్లు గొర్రెలు ఒళ్లు రుద్దుకున్న తలుపు.

మొదటి అచ్చు ఆమె రోలరు, నా చెయ్యి. కాగితం లేపినప్పుడు నేను వెనక్కి జరిగాను. మంచం, మంచం మీద ఆయన, గుట్టలా లేచిన వీపు, వేప చెక్క చారలన్నీ ఆ వీపు మీద నరాల్లా వచ్చాయి. ఒక భుజం మీద నుంచి చెవి, దవడ కొంచెం. మొహం లేకపోయినా అది ఆయనే. ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

తీసుకెళ్లి ఆయన ఎదుట పట్టుకున్నాము.

“నా ఈపు నేనెన్నడు జూడలే,” అన్నాడు. “గిట్లుంటదా?”

ఆయనతో నలభై ఏళ్లు కాపురం చేశాను. ఆ వీపుకు నూనె రాశాను, కాపడం పెట్టాను. అది ఆయన చూడలేదన్న సంగతి నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

పన్నెండు అచ్చులనూ హైదరాబాదులో బొమ్మల ప్రదర్శనలు పెట్టే ఒక మేడమ్ తీసుకుంది. పన్నెండూ అమ్ముడుపోయి పన్నెండు ఇళ్లకు వెళ్లాయి. కోడలి పేరు పేపర్లో వచ్చింది. గురుకులం పిల్లలు ఆమెకు చప్పట్లు కొట్టారట. ఆ వానాకాలంలోనే మా ఆయన పోయాడు.

దినాలు అయ్యాక కోడలు చెక్కను తీసి ఒడిలో పెట్టుకుంది. ఉలి కూడా తెచ్చుకుంది. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఏమనుకుందో, మళ్లీ చెక్కను ఆయన గొంగడిలో చుట్టి అటక మీద పెట్టింది. “సంవత్సరీకం కానియ్యి అత్తమ్మా, అప్పుడు కొట్టేస్త,” అంది.

సంవత్సరీకం దగ్గరికి వచ్చింది. గోడకు పెట్టడానికి ఫోటో కావాలన్నారు. నా కొడుకు ఆధార్ కార్డు ఇచ్చి, స్టూడియోలో పెద్దది చేయించుకొచ్చాడు. అట్ట విప్పి చూశాను. తల మా ఆయనది, మెడ నుంచి కింద నీలం కోటు, టై, నిటారుగా ఉన్న భుజాలు. స్టూడియో అతను ఎవరిదో ఒళ్లు అతికించాడు.

“గీయన ఎవలురా? మీ నాయిన ఎన్నడన్న కోటు తొడిగిండా?”

“అందరికి గట్లనే చేస్తరమ్మా. మంచిగ కొడ్తదని చేసిండు.”

మంచిగా కనిపించడానికి మనిషిని మార్చేస్తారా? ఆ రోజే నా బుద్ధి పెడదారి పట్టింది.

కోడలు బడికి, కొడుకు డ్యూటీకి వెళ్లిన ఒక మిట్టమధ్యాహ్నం అటక మీది గొంగడి దించాను. మంచి కాగితాలు నాలుగే మిగిలి ఉన్నాయి, అవి ఊరికే చెదలు పాలవుతాయని నాకు నేనే చెప్పుకున్నాను. రోలరు పూశాను, కాగితం పరిచాను, అమ్మ ఇచ్చిన గంటె తీసుకుని రుద్దాను. లేపితే మా ఆయన వచ్చాడు. నా చేతుల్లో, నేను ఒక్కదాన్నే ఉండగా. అక్కడితో ఆపలేదు, నాలుగూ తీశాను. ఒక్కటీ చెడలేదు.

అంకె వేయాలి కదా. గుర్తు లేని గొర్రె ఎవరి మందదో తెలియనట్టు, అంకె లేని అచ్చు ఏ ఇంటిదో ఎట్లా తెలుస్తుంది? పెన్సిలు తీసుకుని మొదటి దాని కింద 13/12 అని వేశాను. తర్వాత 14, 15, 16. గీత పక్కన పన్నెండును మాత్రం మార్చలేదు, అది కోడలి గుర్తు అనుకున్నాను.

తప్పని తెలియదా అంటే, తెలుసు, తెలియదు. కోడలు మాటిచ్చింది అమ్మేవాటికి. నేను అమ్మడం లేదు, అయినవాళ్లకు ఇస్తున్నాను. అందులో తప్పేముంది అనుకున్నాను. అంత తప్పు లేనిదైతే సంవత్సరీకం నాడు వాటిని పేపర్లో చుట్టి, ఇంటికి వెళ్లాకే విప్పమని చెవిలో చెప్పి ఎందుకు ఇచ్చాను? ఒకటి మా ఆడబిడ్డకు, ఒకటి మా మరిదికి, ఒకటి అచ్చంపేట అవతల ఉండే నా తమ్ముడికి. నాలుగోది నా ట్రంకు పెట్టెలో చీరల కింద. సంవత్సరీకం హడావిడి, తర్వాత బడి పరీక్షలు. కోడలు చెక్క సంగతి ఎత్తలేదు. నేను గుర్తు చేయలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మేడమ్ కారు మా ఇంటి ముందు ఆగింది. కోడలి బొమ్మలన్నిటితో ఢిల్లీలో ప్రదర్శన పెట్టాలని, ఆమె పనిచేసే చోటు చూడాలని వచ్చింది. కోడలు ఆమెకు కొట్టం చూపిస్తుందనుకుంటే, మేడమ్ చెప్పులు కూడా విడవకుండా ఫోను తీసి చూపించింది.

“ఇది మీ అచ్చేనా?”

నేను కూడా తొంగి చూశాను. మా ఆడబిడ్డకు చింతపల్లి రోడ్డు మీద చాయ్ హోటలు ఉంది. ఆ హోటలు గోడ. బిస్కెట్ల సీసాల పైన మా ఆయన, బంతిపూల దండ, రెండు అగరుబత్తులు. దండ కింద నా అంకె. చాయ్ తాగడానికి ఆగిందట మేడమ్.

కోడలు ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. నేను వేసే మూడు అంకెకు తోక పొడుగ్గా ఉంటుంది, కిరాణం చిట్టీల మీద రోజూ చూసేదే. ఆమె నా వైపు తల తిప్పలేదు.

“నాదే మేడమ్,” అంది. “నేనే తీసిన.”

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల అబద్ధం ఆడడం నేను వినలేదు.

మేడమ్ గట్టిగా మాట్లాడలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. “పన్నెండని మీరు రాసిచ్చారు. పన్నెండు మందికి నేను నా నోటితో చెప్పాను. పదమూడోది చాయ్ హోటల్లో ఉంది. పద్నాలుగోది లేదని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేకపోతున్నాను. ఈ మాట బయటికి పోతే మీ బొమ్మను ఎవరూ ముట్టుకోరు. ఢిల్లీ సంగతి ఇక మరిచిపోండి.”

పద్నాలుగోది ఉంది. పదిహేనోది ఉంది. పదహారోది ఆమె నిలబడిన చోటికి పది అడుగుల దూరంలో నా చీరల కింద ఉంది. కోడలు తల వంచుకుని నిలబడింది. లారీల మీద అక్షరాలు రాసే మనిషి బిడ్డ, పొద్దున బడి, సాయంత్రం ఉలి, వేళ్ల నిండా గాట్లు, అదంతా నా తోక పొడుగు మూడు కింద పడి ఉంది.

“అబద్ధమాడుతున్నది మేడమ్,” అన్నాను. “గది తీసింది నేను. ఇంక మూడున్నయ్.”

కోడలు నా చెయ్యి పట్టుకుంది. మేడమ్ నన్ను కిందికీ పైకీ చూసింది.

“మీరా? మీకు అచ్చు తీయడం వచ్చా?”

“రొట్టె గొట్టుడు వచ్చినోళ్లకు గదెంత?”

“మరి పదమూడు అని ఎందుకు వేశారమ్మా?”

“పన్నెండు అయిపోయినయ్ గద. దాని ఎనుక పదమూడే గద వచ్చేది?”

మేడమ్ మంచం మీద కూలబడింది. కాసేపటికి నీళ్లు అడిగి తాగింది. చివరికి ఒక మాట చెప్పింది. వారంలోపల నాలుగూ వెనక్కి రావాలి. చెక్కను కొట్టేయాలి. కొట్టేసిన చెక్క మీద ఒక అచ్చు సాక్ష్యంగా తీసి ఇస్తే, దాన్ని ఆ పన్నెండు మందికీ చూపించి, జరిగింది జరిగినట్టు చెబుతుంది. వాళ్లు ఒప్పుకుంటే ఢిల్లీ ఉంటుంది.

కారు వెళ్లిపోయాక కోడలు పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేసింది. నాకు పెట్టింది. అప్పుడు ఒక్క మాటే అంది.

“నేను పోయినేడే కొట్టేయాలె అత్తమ్మా. మీ మొఖం జూసి ఆగిన.”

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. మరిది ఇంట్లో పని తేలికే అయింది, మనసుకు మాత్రం కాదు. అతను అన్న బొమ్మ పాడు కాకూడదని ప్లాస్టిక్ వేయించాడు. ఇచ్చేటప్పుడు, “తీసుకపో వదినె, అచ్చులకు గూడ లెక్కలుండాలెనా? మనుషులకు లేని కాయిదాలు బొమ్మలకా?” అని గొణిగాడు.

అచ్చంపేట బస్సెక్కి తమ్ముడి ఇంటికి వెళ్లాను. గొర్రెలను విడిచిపెట్టే వేళ. సంగతి చెప్పాను. వాడు లోపలికి వెళ్లి బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“అక్కా, బొగ్గు గీత మరిచినవా?”

ఆ మాటకు నేను వాడి మంద మధ్యలోనే నిలబడిపోయాను. మా బాపు ప్రతి గొర్రె వీపు మీదా ఎర్రమట్టి జాజుతో మా ఇంటి గుర్తు వేసేవాడు. అమ్మితే, కొన్నవాడి కళ్ల ముందే ఆ గుర్తు మీద అడ్డంగా బొగ్గుతో గీసి, “ఇగ ఇది నాది గాదు,” అనేవాడు. ఒకసారి అమ్మిన గొర్రె ఒకటి తనంతట తనే వెనక్కి వచ్చి మా దొడ్డి ముందు నిలబడింది. నేను చిన్నపిల్లను, దాన్ని నేనే పెంచాను. మెడ కౌగిలించుకుని ఏడ్చాను, అదే వచ్చింది కదా, ఉంచుకుందామని. బాపు దాని వీపు మీది బొగ్గు గీత నాకు చూపించాడు. మర్నాడు పొద్దంతా నడిచి దాన్ని కొన్నవాడి గుమ్మంలో కట్టేసి వచ్చాడు. అరవై ఏళ్లు వచ్చినా ఆ గొర్రె అరుపు నా చెవిలో ఉంది. గీత మాత్రం మరిచిపోయాను.

అందరికంటే చివర ఆడబిడ్డ దగ్గరికి వెళ్లాను. హోటల్లో నలుగురు చాయ్ తాగుతున్నారు. నేను స్టూలు లాగి గోడ దగ్గర వేస్తుంటే ఆమె పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చింది.

“దండేసిన బొమ్మను దించుతరా వదినె? చేతులెట్ల వస్తున్నయ్ నీకు? మా అన్నను రెండోసారి లేపుతున్నవ్ పాడె మీదికి!”

చాయ్ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టారు.

“నేను దొంగతనంగ తీసిన బొమ్మ గిది. కోడలి మాట పోతది.”

“నీ కోడలి మాట నీ కోడలి. మా అన్న బొమ్మ నాది. ఆ కోటు ఫోటో జూస్తే నాకు ఏడుపు గూడ రాదు.”

“మీ అన్న ఎన్నడన్న మాట తప్పిండానే?”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “లేదు.”

“మరి ఆయన బొమ్మతోనే మాట తప్పుదమా?”

పాలు పొంగి పొయ్యిలో పడుతున్నా ఆమె చూడలేదు. తర్వాత నన్ను పక్కకు జరగమని, తానే స్టూలెక్కి దండ తీసింది, బొమ్మ దించింది. దండను మాత్రం ఇవ్వలేదు. నేను బస్సెక్కేలోపే, నా కొడుకు అందరికీ పంచిన నీలం కోటు ఫోటోను ఆ మేకుకు వేలాడదీసింది. దాని మీద ఆ దండే.

శనివారం కొట్టంలో నాలుగు అచ్చులూ వరసగా పెట్టాము. కోడలు చెక్కను గొంగడి నుంచి విప్పింది. ఉలి తీసుకుని భుజం దగ్గర పెట్టింది. చెయ్యి కదలలేదు. మళ్లీ పెట్టింది. మేక, కోళ్లు, బావి బొమ్మల చెక్కలకు చకచకా గీత లాగిన చెయ్యి అది.

“నాతోని అయితలే అత్తమ్మా. మామ కూసున్నట్టే ఉన్నడు.”

“ఇటియ్యి.”

“మీరా?”

“మాట నువ్విచ్చినవ్. తప్పు నేను చేసిన. ఇటియ్యి ఉలి.”

వేప చెక్క గట్టిది. ఉలి పట్టుకున్న చేతి మీద రెండో చెయ్యి పెట్టి, ఒళ్లంతా వంచి తోశాను. ఒక భుజం నుంచి రెండో భుజం దాకా. గర్రుమన్న చప్పుడు నా పళ్లల్లోకి వచ్చింది. కాపడం పెట్టేటప్పుడు ఎక్కడ వేడి తగిలితే ఆయన ఉలిక్కిపడేవాడో ఆ చోటు దాటినప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను. పేడు లేచింది, వంకర తిరిగి నేల మీద పడింది. ఇది నేను చేశానా అని నా చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను.

కోడలు సిరా పూసింది. రుద్దింది కూడా ఆమే, నా చేతులు పనికి రాలేదు. రెండు అచ్చులు తీసింది. ఒకటి మేడమ్‌కు. రెండోది నా ముందు పెట్టింది.

“ఇది అంకెలకు రాదు అత్తమ్మా. దీన్ని ఎవ్వలు గొనరు, ఎవ్వలు అడగరు. మీరు ఉంచుకోవచ్చు.”

ఆ నాలుగు అచ్చులనూ నేనే పొయ్యిలో పెట్టాను. కాగితం ముక్క కింద పడితే ఏరుకునేదాన్ని, వెనక వైపు తెల్లగా ఉన్న నాలుగు మంచి కాగితాలను నిప్పులో పెట్టాను. ప్లాస్టిక్ వేసినది పొగ పట్టి వంటిల్లంతా కంపు కొట్టింది.

పన్నెండు మందిలో ఒకరు అచ్చు వెనక్కి ఇచ్చేశారు. మిగతావాళ్లు ఉంచుకున్నారు. వెనక్కి వచ్చినదాన్ని కోడలు నాకు ఇవ్వలేదు, నేను అడగలేదు. అది పన్నెండులో ఒకటి, ఇంకొకరికి వెళ్లాల్సిందే. కొంత ఆలస్యంగానైనా ఢిల్లీ ప్రదర్శన జరిగింది. ఇప్పుడు కొట్టంలో ఇనుప చక్రం తిప్పితే అచ్చు పడే మిషను ఉంది. సెలవుల్లో గురుకులం పిల్లలు వచ్చి నేర్చుకుంటారు. మొదటి రోజే కోడలు వాళ్లకు కొట్టేసిన చెక్కలన్నీ వరసగా చూపిస్తుంది. దొడ్డి తలుపు చెక్క దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నోరు తెరుస్తారు, గీత అంత లోతుగా, అంత వంకరగా ఉంటుంది. ఎవరు కొట్టారని అడుగుతారు. ఆమె చెప్పదు. గంటె నా వంటింటికి తిరిగి వచ్చింది.

నా అచ్చును మంచం పక్కన గోడకు అంటించుకున్నాను. దండ వేయలేదు. పోయిన నెల ఆడబిడ్డ వచ్చి నిద్ర చేసింది. పొద్దున లేచి, దాని ఎదుట చాలాసేపు కూర్చుంది.

“వదినె, అన్న భుజాల మీద కట్టె ఏసుకున్నట్టున్నడు. గొర్ల కాడ రెండు చేతులు మీదికేసి నిలవడుతుండె సూడు, గట్ల. మంచిగ జేసింది నీ కోడలు.”

నేను లేచి ఆమెకు చాయ్ పోశాను. కట్టె అయితే నల్లగా పడాలి. అది తెల్లగా ఉంది. అది నా చెయ్యి పోయిన దారి.